స్కాన్ పేరు చెబితేనే గుండె దడా? ఆన్‌లైన్ థెరపీతో ఆ భయాన్ని మెట్టు మెట్టుగా తగ్గించుకునే పద్ధతి

గుంటూరు నుంచి విజయవాడ వెళ్తుంటే కాజ టోల్‌గేటు వస్తుంది. అక్కడ కారు నెమ్మదించగానే నాకు అరచేతులు చల్లబడేవి. మంగళగిరి కొండ కనపడేసరికి నోరు పిడచగట్టేది. వారధి ఎక్కాక "ఈసారికి వద్దండీ, వెనక్కి తిప్పేయండి" అని మావారిని బతిమాలేదాన్ని. వెళ్తున్నది ఆపరేషన్‌కు కాదు, సూర్యారావుపేటలో ఒక స్కానింగ్ సెంటరుకు. రొమ్ము క్యాన్సర్‌కు సర్జరీ, కీమో, రేడియేషన్ మూడూ పళ్ల బిగువున దాటుకొచ్చాను. ఆ తర్వాత ఏటా చేయించుకోవాల్సిన మామోగ్రామ్ (రొమ్ముకు తీసే ఎక్స్‌రే), డాక్టరు అడిగినప్పుడు ఎమ్మారై, ఈ రెండింటి దగ్గర మాత్రం కాళ్లు ఆడేవి కావు. మూడు వారాల ముందు నుంచే నిద్ర దూరమయ్యేది. ఒక ఏడు మా ఆంకాలజిస్టుకు చెప్పకుండా తేదీని రెండుసార్లు వాయిదా వేయించాను. నేను చేసిన ఆ తప్పే చివరికి నన్ను థెరపీ దాకా తీసుకెళ్లింది.

నాకు సాయం చేసిన క్లినికల్ సైకాలజిస్టు విశాఖలో ఉంటారు. నేను గుంటూరు బ్రాడీపేటలో మా ఇంటి వెనక గదిలో కూర్చుని ఫోన్లో మాట్లాడాను. ఆరు వారాలు, ఆరు సెషన్లు. ఆవిడను ఇప్పటికీ ఎదురుగా చూడలేదు. ఆ ఆరు వారాల్లో నేర్చుకున్నవీ, తర్వాత మా పిన్నికీ, పక్కింటి అమ్మాయికీ దగ్గరుండి చెప్పినవీ ఇక్కడ రాస్తున్నాను. ఇవి చదివితే థెరపిస్టు అక్కర్లేదని కాదు. ఎవరిని వెతకాలి, ఏం అడగాలి, ఇంట్లో ఏం సాధన చేయాలి అన్నది తెలిసి వెళ్తే డబ్బూ కాలమూ రెండూ కలిసొస్తాయి.

మొదటి మెట్టు: మీ భయం ఏదో తేల్చుకోండి

"స్కాన్ అంటే భయం" అని అందరం ఒకే మాట అంటాం కానీ, దాని లోపల కనీసం నాలుగు వేరువేరు భయాలు ఉంటాయి. వేటి మందు వాటిదే.

ఒకటి, మిషన్ భయం. ఇరుకు గొట్టం, చప్పుడు, కదలకూడదన్న షరతు, "ఊపిరాడకపోతే?" అన్న ఆలోచన. రెండోది సూది భయం. కాంట్రాస్ట్ (స్కాన్ బొమ్మ స్పష్టంగా రావడానికి ఇచ్చే మందు) ఎక్కించడానికి చేతి నరానికి క్యాన్యులా, అంటే సన్నటి గొట్టం, పెడతారనగానే కళ్లు తిరిగేవాళ్లున్నారు. మూడోది రేడియేషన్ భయం. నాలుగోది ఫలితం భయం, అంటే రిపోర్టులో ఏముంటుందో అన్న గుబులు. నాకు నూటికి ఎనభై పాళ్లు నాలుగోదే. మొదట్లో అది తెలియక, ఫోన్లో దొరికిన శ్వాస వ్యాయామాలన్నీ చేశాను. గొట్టంలో ఉన్నంతసేపూ బాగానే ఉండేదాన్ని. బయటికొచ్చి రిపోర్టు కోసం ఎదురుచూసే ఆ ఒకటిన్నర రోజు మునిగిపోయేదాన్ని.

తేల్చుకోవడానికి తేలిక పద్ధతి ఉంది. కళ్లు మూసుకుని స్కాన్ రోజంతా ఉదయం లేచింది మొదలు ఊహించుకోండి. ఏ ఘట్టం దగ్గర కడుపులో దేవినట్టు అవుతుందో అక్కడ ఆగి, భయానికి 0 నుంచి 100 దాకా మార్కులు వేయండి. ఈ మార్కుల పద్ధతిని తెచ్చింది, 1950లలో భయాల చికిత్సకు దారి వేసిన జోసెఫ్ వోల్పే అనే మానసిక వైద్యుడు. ఇప్పటికీ థెరపిస్టులు వాడేది ఇదే. ఇంట్లో బయలుదేరడం 30, టోల్‌గేటు 60, గొట్టం 40, రిపోర్టు వాట్సాప్ మోగడం 95. నా మొదటి కాగితం ఇది.

రేడియేషన్ భయం మాత్రం థెరపీ కంటే ముందు సమాచారంతోనే చాలావరకు పోతుంది. ఎమ్మారైలో, అల్ట్రాసౌండ్‌లో ఎక్స్‌రేలు ఉండవు. మామోగ్రామ్‌లో ఉన్నది చాలా తక్కువ మోతాదు. సీటీలో, పెట్ సీటీలో ఎక్కువ. అందుకే డాక్టర్లు అవసరమనుకుంటేనే రాస్తారు. "ఇది నాకు ఎందుకు రాశారు, దీని బదులు ఇంకేదైనా సరిపోతుందా?" అని రాసిచ్చిన డాక్టరునే అడగండి. అది మీ హక్కు. గర్భంతో ఉన్నా, ఉన్నానేమో అన్న అనుమానమున్నా తప్పకుండా ముందే చెప్పండి.

రెండో మెట్టు: ఎవరిని వెతకాలి

క్లినికల్ సైకాలజిస్టుకు మన దేశంలో రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియాలో రిజిస్ట్రేషన్ ఉండాలి. ఆ నంబరు అడగడం మర్యాద తప్పడం కాదు. మంచివాళ్లు అడక్కముందే చెబుతారు. సైకియాట్రిస్టు అంటే ఎంబీబీఎస్ చదివి ఆపైన మానసిక వైద్యంలో ఎండీయో, డీపీఎమ్మో, డీఎన్‌బీయో చేసినవారు. మందులు రాయగలిగేది వీరే. కౌన్సెలర్ అన్న మాట మాత్రం ఎవరైనా పెట్టుకుంటున్నారు. అందులో ఎంతో మంచివాళ్లూ ఉన్నారు, రెండు వారాల కోర్సు చేసి బోర్డు కట్టినవాళ్లూ ఉన్నారు. చదువేమిటో, ఎవరి పర్యవేక్షణలో పనిచేస్తున్నారో అడగండి.

ముఖ్యంగా అడగాల్సింది ఇంకోటి: "మీరు సీబీటీ చేస్తారా? భయపడే విషయాన్ని కొద్దికొద్దిగా ఎదుర్కొనే సాధన చేయిస్తారా?" సీబీటీ అంటే ఆలోచనల్నీ, అలవాట్లనూ కలిపి మార్చే మాటల చికిత్స. ఆందోళనకు అది బాగా పనిచేస్తుందని ఎన్నో అధ్యయనాలు చూపించాయి. ఇంటర్నెట్ ద్వారా చేసినా, థెరపిస్టు తోడుగా ఉంటే దాదాపు ముఖాముఖి చేసినంత ఫలితం వస్తుందని కూడా తేలింది. వారం వారం మీ బాధ విని, ఓదార్చి, ఏ సాధనా ఇవ్వకుండా ఫోన్ పెట్టేస్తే ఆ గంట మనసు తేలికవుతుంది గానీ స్కాన్ రోజు భయం అలాగే ఉంటుంది.

తెలుగులో మాట్లాడేవారినే వెతకండి. నాకు ఇంగ్లీషు వచ్చు. కానీ "గుబులు", "బెంగ", "మనసు కీడు శంకిస్తోంది", ఈ మూడూ మూడు వేరువేరు సంగతులు. ఆ తేడా పట్టుకునేవాళ్లు కావాలి. అడ్డరోడ్డు మలుపులోనే క్లినిక్ ఉండనక్కర్లేదు కాబట్టి విశాఖ, హైదరాబాదు, తిరుపతి, ఎక్కడున్నవారైనా ఫరవాలేదు. "పిచ్చి డాక్టరు దగ్గరికి వెళ్తోందట" అని వీధిలో అనుకుంటారన్న జంకు ఉన్నవాళ్లకు ఇదొక పెద్ద వెసులుబాటు.

డబ్బు ఇబ్బందిగా ఉంటే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైను టెలీ మానస్ ఉంది. నంబరు 14416. 2022 అక్టోబరు 10న, ప్రపంచ మానసిక ఆరోగ్య దినం నాడు మొదలైంది. రాత్రీపగలూ పనిచేస్తుంది, ఉచితం, తెలుగులో మాట్లాడతారు. వారం వారం ఒకే థెరపిస్టుతో సాగే చికిత్స అక్కడ దొరుకుతుందని అనుకోవద్దు. రాత్రి రెండింటికి గుండె దడతో లేచి కూర్చున్నప్పుడు మాట్లాడే మనిషి దొరుకుతారు, అవసరమైతే దగ్గర్లోని డాక్టరు దగ్గరికి పంపుతారు. గుంటూరు, విజయవాడ ప్రభుత్వాసుపత్రుల్లోనూ, మంగళగిరి ఎయిమ్స్‌లోనూ మానసిక వైద్య విభాగాలున్నాయి. మొదటిసారి అక్కడ చూపించుకుని, తర్వాత ఆన్‌లైన్‌లో కొనసాగించినా బాగుంటుంది.

మూడో మెట్టు: ఇంట్లో చోటు, సమయం

మన ఇళ్లలో ఏకాంతం దొరకడమే కష్టం. అత్తగారు సీరియల్ చూస్తుంటారు, పిల్లలు తలుపు తోసుకొస్తారు. నేను మధ్యాహ్నం మూడింటి సమయం ఎంచుకున్నాను. ఇంట్లో అందరూ పడుకునే వేళ. ఇయర్‌ఫోన్లు పెట్టుకుంటే అవతలివారి మాటలు బయటికి వినపడవు. నా మాటలు వినపడకుండా ఫ్యాను పెద్దగా పెట్టి, తలుపు కింద తువ్వాలు పెట్టేదాన్ని. మేడ మీదో, ఆపి ఉంచిన కారులోనో కూర్చుని మాట్లాడేవాళ్లూ ఉన్నారు. కారైతే ఎండాకాలం మన ఊళ్లో కుదరదు, ఆ పని పెట్టుకోవద్దు.

ఫోన్‌ను చేత్తో పట్టుకోకుండా పుస్తకాలకు ఆనించి పెట్టండి. సాధన చేసేటప్పుడు రెండు చేతులూ ఖాళీగా ఉండాలి. కరెంటు పోతే వైఫై పోతుంది కాబట్టి మొబైల్ డేటా సిద్ధంగా ఉంచుకోండి. లైను తెగితే ఎవరు ఎవరికి తిరిగి చేయాలో మొదటి రోజే మాట్లాడుకోండి. మొదటి సెషన్‌లోనే థెరపిస్టు మీ చిరునామా, దగ్గరివాళ్ల ఫోన్ నంబరు అడుగుతారు. అనుమానపడొద్దు. మీకేదైనా అయితే దూరాన ఉన్న ఆవిడ ఎవరికో ఒకరికి ఫోన్ చేయగలగాలి కదా. ఆ వివరాలు అడగనివారినే అనుమానించాలి. సెషన్ రికార్డు చేస్తారా, నోట్సు ఎక్కడ దాస్తారు అన్నది మీరూ అడగండి.

నాలుగో మెట్టు: తేదీ నుంచి వెనక్కి లెక్కపెట్టండి

మొదటి సెషన్‌లో కథంతా చెప్పాలని ఉంటుంది. చెప్పండి. కానీ ఆ గంట అయ్యేలోపు మూడు సంగతులు ఆవిడ చెవిన పడాలి: స్కాన్ ఏ తేదీన, ఏ స్కాన్, మార్కుల కాగితంలో అన్నిటికంటే ఎక్కువ దేనికి. గుండె జబ్బు, ఆస్తమా, వాడుతున్న మందులు కూడా చెప్పాలి. ఇంతకుముందు ఎప్పుడైనా స్కాన్ మధ్యలో లేచి వచ్చేశారా, సూదికి స్పృహ తప్పిందా, అదీ దాచొద్దు.

ఐదారు వారాల వ్యవధి ఉంటే హాయిగా సరిపోతుంది. మొదటి వారం భయం ఎలా పనిచేస్తుందో అర్థం చేసుకోవడానికి, తర్వాత మూడు వారాలు సాధనకు, ఐదో వారం ఫలితం భయానికి, చివరిది స్కాన్ రోజు ఏర్పాట్లకు. నాకు ఇలా జరిగింది. మీకు మరోలా ఉండొచ్చు.

ఒక్క మాట గట్టిగా చెబుతాను. థెరపీ పూర్తయ్యాక చేయించుకుందామని స్కాన్‌ను జరపకండి. జరిపిన ప్రతిసారీ ఆ క్షణానికి ప్రాణం కుదుటపడుతుంది, ఆ కుదుటపడటమే తర్వాతిసారి భయాన్ని ఇంకాస్త పెంచుతుంది. థెరపిస్టులు దీన్ని తప్పించుకోవడం అంటారు. మన దగ్గర ఇది రకరకాల వేషాల్లో వస్తుంది. అమావాస్య అనీ, మంగళవారం అనీ, శూన్యమాసం అనీ. దుర్గమ్మకు మొక్కుకుని వెళ్లడం వేరు, అది నాకు బలం. థెరపిస్టు కూడా మానమనలేదు. కానీ మంచిరోజు కోసం క్యాలెండర్ తిప్పుతున్నప్పుడు, "ఇది భక్తా, భయమా?" అని నన్ను నేను అడగమన్నారు. మొదటిసారి నిజాయితీగా జవాబు చెప్పుకున్నప్పుడు కళ్లనీళ్లు వచ్చాయి.

ఐదో మెట్టు: మిషన్ భయానికి ఇంట్లోనే గొట్టం

ఈ సాధనకు ఆన్‌లైన్ థెరపీయే మేలని నా నమ్మకం. క్లినిక్‌లో కుర్చీ ఉంటుంది, డైనింగ్ టేబులూ మంచమూ ఉండవు.

ముందు మిషన్ గురించి తెలియాలి. ఎమ్మారై గొట్టం వెడల్పు సాధారణంగా 60 సెంటీమీటర్లు, కొన్ని కొత్త మిషన్లలో 70. రెండు చివరలా తెరిచే ఉంటుంది. లోపల లైటు ఉంటుంది, గాలి వస్తుంది. చేతిలో ఒక రబ్బరు బంతి పెడతారు, నొక్కితే టెక్నీషియన్ ఆపేసి వస్తారు. ఆ డమడమ చప్పుడు ఏదో విరుగుతున్నందుకు కాదు. లోపలి తీగచుట్టల్లో కరెంటు వేగంగా మారుతుంటే అవి కంపిస్తాయి, ఆ మోత అది. చప్పుడు ఏకధాటిగా ఉండదు. కొన్ని నిమిషాలు ఒక రకం, తర్వాత కాస్త నిశ్శబ్దం, మళ్లీ ఇంకో రకం. ఈ సంగతి నాకెంతో ఉపకరించింది. అరగంట ఓర్చుకోవాలి అనుకుంటే కొండంత కనపడేది. ఈ ఒక్క మోత అయిపోనీ అనుకుంటే గట్టెక్కేదాన్ని.

ఇక మెట్లు. ఎమ్మారై మిషన్ ఫొటో చూడటం. ఎవరో ఒకరు లోపలికి వెళ్తున్న వీడియో చూడటం. ఫోన్లో ఆ చప్పుడు సన్నగా పెట్టుకుని దివాన్ మీద పది నిమిషాలు కదలకుండా పడుకోవడం. తర్వాత డైనింగ్ టేబుల్ కింద చాప వేసుకుని, చుట్టూ దుప్పటి వేలాడదీసి ఐదు నిమిషాలు. తర్వాత మంచం కింద పది నిమిషాలు, చప్పుడు పెంచి. తలకు స్కాన్ అయితే ముఖం మీద పంజరంలాంటి తొడుగు పెడతారు. దానికి మా పిన్ని చేత బట్టల ప్లాస్టిక్ బుట్ట ముఖం మీద బోర్లించి పెట్టించారు థెరపిస్టు. గాలి ధారాళంగా ఆడే చిల్లుల బుట్టే అయి ఉండాలి, ఇంట్లో ఇంకో మనిషి తోడుండాలి. రొమ్ము ఎమ్మారై బోర్లా పడుకోబెట్టి తీస్తారు. నేను టేబుల్ కింద తలగడ మీద నుదురు ఆనించి, చేతులు ముందుకు చాచి బోర్లా పడుకుని సాధన చేశాను. మీ స్కాన్ ఏ భంగిమలో తీస్తారో ముందే సెంటరుకు ఫోన్ చేసి కనుక్కోండి. మోకాలికైతే మామూలుగా కాళ్ల వైపు నుంచి లోపలికి పంపుతారు, తల బయటే ఉంటుంది. అది తెలియక వారాల తరబడి భయపడేవాళ్లున్నారు.

ప్రతి మెట్టు మీదా భయం పెరుగుతుంది. 70 దాకా వెళ్తుంది. అప్పుడు లేచి వచ్చేయకూడదు. అక్కడే ఉంటే దానంతటదే దిగడం మొదలుపెడుతుంది. మార్కులు సగానికి పడ్డాకే లేవాలి. ఫోన్లో థెరపిస్టు రెండు నిమిషాలకోసారి "ఇప్పుడెంత?" అని అడుగుతుంటారు. అదే మెట్టును రోజూ ఇంట్లో మళ్లీ చేయాలి. వారానికొకసారి సెషన్‌లో చేస్తే చాలదు.

శ్వాస సంగతి. నాలుగు లెక్కపెడుతూ పీల్చి, ఆరు లెక్కపెడుతూ వదలడం నేర్చుకోండి. మెత్తగా, పొట్టతో. ఛాతీ ఎగసిపడేలా గాఢంగా పీలిస్తే కొన్ని స్కాన్‌లలో బొమ్మ చెదిరిపోతుంది. పొట్టకు, ఛాతీకి తీసేటప్పుడు ఊపిరి బిగబట్టమంటారు. 15 సెకన్లు బిగబట్టడం ఇంట్లోనే అలవాటు చేసుకోండి. కొన్ని సీటీ మిషన్లలో ఆ ఆదేశం రికార్డు చేసిన గొంతుతో హిందీలోనో ఇంగ్లీషులోనో వస్తుంది. మా మామగారు అది అర్థంకాక బెదిరిపోయారు. పెద్దవాళ్లుంటే "తెలుగులో మీరే చెప్పండి బాబూ" అని టెక్నీషియన్‌ను ముందే అడగండి, తప్పకుండా చెబుతారు.

ఆరో మెట్టు: సూది

సూదిని చూస్తే గుండె దడదడలాడటం ఒక రకం. కళ్లు బైర్లు కమ్మి పడిపోవడం ఇంకో రకం. రెండో రకం వాళ్లకు రక్తపోటు ఒక్కసారిగా పడిపోతుంది. అలాంటివాళ్లు ఒళ్లు సడలించే సాధన చేస్తే ఇంకా త్వరగా పడిపోవచ్చు. వాళ్లకు చేయించేది దానికి సరిగ్గా ఎదురు పద్ధతి. కాళ్లు, పొట్ట, సూది గుచ్చని చెయ్యి 10 నుంచి 15 సెకన్లు గట్టిగా బిగించి, ముఖం వెచ్చబడ్డాక వదిలి, అరనిమిషం ఆగి మళ్లీ బిగించాలి. ఐదుసార్లు. బీపీ, గుండె జబ్బు ఉంటే డాక్టరును అడక్కుండా చేయొద్దు. "నాకు కళ్లు తిరుగుతాయి, పడుకోబెట్టి గుచ్చండి" అని సిస్టర్‌కు చెప్పడం అన్నిటికంటే ముందు.

సీటీ కాంట్రాస్ట్ ఎక్కేటప్పుడు ఒళ్లంతా వేడి పాకుతుంది, నోట్లో ఇనుము రుచి వస్తుంది, మూత్రం పోతున్నట్టు అనిపిస్తుంది. నిమిషంలో తగ్గిపోతుంది. ఇది తెలియనివాళ్లు ఏదో ప్రమాదం జరిగిందనుకుంటారు. దురద, దద్దుర్లు, ఊపిరి బిగపట్టినట్టు ఉండటం మాత్రం వెంటనే చెప్పాల్సినవి. ఇంతకుముందు కాంట్రాస్ట్ పడకపోయి ఉన్నా, కిడ్నీ సమస్య ఉన్నా ముందే చెప్పాలి.

పెట్ స్కాన్ వాళ్లకు ఒక హెచ్చరిక. ఇంజెక్షన్ చేశాక సుమారు గంటసేపు ఒంటరిగా, మాట్లాడకుండా పడుకోవాలి. ఆ మందు చక్కెరలాంటిది, పనిచేస్తున్న కండరాలు దాన్ని లాక్కుంటాయి. కాబట్టి ఆ గంటలో కండరాలు బిగించి వదిలే సాధనలేవీ చేయకండి, వెచ్చగా దుప్పటి కప్పుకుని మెత్తటి శ్వాస ఒక్కటే. ఆన్‌లైన్‌లో కండరాల సాధన నేర్పే థెరపిస్టుకు మీది పెట్ స్కాన్ అని తెలియడం అందుకే అవసరం.

ఏడో మెట్టు: రిపోర్టు వచ్చేదాకా

ఇక్కడే నేను ఎక్కువ కష్టపడ్డాను. చాలామందిమి ఇక్కడే కష్టపడతాం.

మొదట మా పిన్ని సంగతి చెబుతాను. మామోగ్రామ్ రిపోర్టు రాత్రి పదింటికి వాట్సాప్‌లో వచ్చింది. ఒక్కతే తెరిచింది. "బైరాడ్స్ 2" అని ఉంది. రెండో స్టేజి క్యాన్సర్ అనుకుని తెల్లవార్లూ ఏడ్చింది. బైరాడ్స్ అంకె స్టేజి కాదు. 1 అంటే ఏమీ లేదని, 2 అంటే ఉన్నది హానిలేనిదని, 3 అంటే హానిలేనిదే అయి ఉండొచ్చు గానీ కొన్నాళ్లకు మళ్లీ చూడాలని, 0 అంటే ఇంకా కొన్ని చిత్రాలు కావాలని. 4, 5 వస్తే ముక్క తీసి పరీక్షిస్తారు. ఆ రాత్రి ఆవిడకు ఆనందించాల్సిన రిపోర్టు చేతిలో ఉంది.

అందుకే థెరపిస్టు నా చేత ఒక ఒప్పందం రాయించారు. స్కాన్‌కు ముందే డాక్టరు అపాయింట్‌మెంటు తీసుకోవాలి, రిపోర్టు వచ్చిన మర్నాటికి. స్కానింగ్ సెంటరులో మావారి నంబరు ఇవ్వాలి. రిపోర్టును ఆయనా తెరవకూడదు, నేనూ తెరవకూడదు. డాక్టరు గదిలోనే తెరవాలి. గూగుల్‌లో ఒక్క మాట కూడా వెతకకూడదు. డాక్టరైన మా బావగారికి ఫోన్ చేసి "ఏం ఉండదు కదా?" అని అడిగే అలవాటు నాకు రోజుకు ఐదారుసార్లు ఉండేది. దాన్ని మొదటి వారం రెండుకు, తర్వాత సున్నాకు తెచ్చాం. ఆయన "ఏం ఉండదమ్మా" అన్న ప్రతిసారీ పది నిమిషాలు శాంతి, తర్వాత మళ్లీ అదే ప్రశ్న. ఆ పది నిమిషాల శాంతి కోసం మిగతా రోజంతా ఇచ్చేసేదాన్నని అప్పుడు అర్థమైంది.

మనసుకు దిగులుపడే వేళ ఒకటి కేటాయించమంటారు. నాది సాయంత్రం ఐదున్నర నుంచి ఇరవై నిమిషాలు. పగలు ఎప్పుడు భయం తలెత్తినా చిన్న పుస్తకంలో ఒక్క ముక్క రాసి, "ఐదున్నరకు చూద్దాం" అని పని చేసుకోవడం. ఐదున్నరకు కూర్చుని ఆ ముక్కలన్నీ చదివి, కాగితం మీద రెండు భాగాలు చేసి, "నాకు తెలిసింది" ఒకవైపు, "నేను ఊహించుకుంటున్నది" ఒకవైపు రాయాలి. నాకు తెలిసినవైపు ఎప్పుడూ రెండు వాక్యాలే ఉండేవి: స్కాన్ అయింది. రిపోర్టు రాలేదు.

ఇంకో కష్టమైన సాధన ఉంది, థెరపిస్టు లేకుండా చేయొద్దు. రిపోర్టు చెడుగా వస్తే ఏం జరుగుతుందో మొదటి నుంచి చివరిదాకా రాయడం. నేను "చెడుగా వస్తే అంతే" అని ఎప్పుడూ అక్కడే ఆపేసేదాన్ని. ఆవిడ "తర్వాత?" అని అడిగారు. తర్వాత డాక్టరు ఇంకో పరీక్ష రాస్తారు. తర్వాత? చికిత్స చెబుతారు. తర్వాత? మా అమ్మాయి సెలవు పెట్టి వస్తుంది. ఆ "తర్వాత"లన్నీ రాసేసరికి అది అగాధంలా కాకుండా కష్టమైన దారిలా కనపడింది. ఆ దారి ఒకసారి నడిచినదాన్నే కదా నేను.

ఇంట్లోవాళ్లకు ఒక మనవి. "ఏం కాదులే" అనకండి. ప్రేమతోనే అంటారు, కానీ మీకూ తెలియదని మాకు తెలుసు. "రేపు డాక్టరు దగ్గరికి నేనూ వస్తాను" అనండి. పక్కింటి అమ్మాయి ఐదో నెలలో టిఫా స్కాన్‌కు (కడుపులో బిడ్డ అవయవాలను చూసే స్కాన్) వెళ్లేముందు వాళ్లత్తగారు ఆ మాటే అన్నారు. "నాకూ కంగారుగానే ఉందే, ఇద్దరం కలిసే వెళ్దాం." ఆ అమ్మాయి ముఖం తేటపడటం నేను చూశాను.

ఎనిమిదో మెట్టు: ఆ రోజు

స్కాన్ లేని ఒక రోజు ఆ దారిలో వెళ్లి రండి. నేను బస్సులో వెళ్లాను. కాజ టోల్‌గేటు దాటాను, వారధి మీద కృష్ణను చూశాను, సూర్యారావుపేటలో ఆ సెంటరు ముందు కాసేపు నిలబడి, ఏలూరు రోడ్డులో పుస్తకాలు కొనుక్కుని ఇంటికొచ్చాను. వారం తర్వాత మళ్లీ. మూడోసారికి టోల్‌గేటు మార్కులు 60 నుంచి 20కి దిగాయి. మా గుంటూరు కొత్తపేట, అరండల్‌పేటల్లా మీ ఊళ్లోనే సెంటరు ఉంటే ఈ పని ఇంకా తేలిక.

వీలైతే ఉదయం మొదటి స్లాటు అడగండి, ఎదురుచూపు తగ్గుతుంది. భయం ఉందని కౌంటరులోనే చెప్పండి. పేస్‌మేకర్, చెవిలో అమర్చిన పరికరాలు, ఒంట్లో లోహపు ముక్కలు ఉంటే ఎమ్మారై వాళ్లకు చెప్పి తీరాలి. ఒంటి మీద నగలు, మెట్టెలతో సహా ఇంట్లోనే తీసి వెళ్లండి. మంగళసూత్రం తీయడానికి మనసొప్పనివాళ్లు ముందురోజే పసుపుతాడుకు మార్చుకుని వెళ్లొచ్చు. లోపలికి వెళ్లకముందే కళ్లు మూసుకుని, పైన చిన్న గుడ్డ వేయించుకోండి. లోపలికెళ్లాక మూసుకుంటే అప్పటికే ఇరుకు కంట్లో పడిపోయి ఉంటుంది. ఎమ్మారై గదిలో ఒకరిని తోడు కూర్చోనిస్తారేమో అడగండి, చాలాచోట్ల ఒప్పుకుంటారు.

ఎవరో ఇచ్చిన నిద్రమాత్ర వేసుకుని వెళ్లకండి. అవసరమైతే మీ డాక్టరే రాస్తారు. మత్తు ఇచ్చి తీయాల్సి వస్తే మత్తు డాక్టరు ఉండాలి, పరగడుపున వెళ్లాలి, వెంట మనిషి ఉండాలి. అందులో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు.

రెండు రోజులే టైము ఉంటే

"రేపు పొద్దున్నే రండి" అనే డాక్టర్లే ఎక్కువ. అప్పుడు ఒక్క సెషన్ దొరికినా చాలు, ఆ గంటను మీ మార్కుల కాగితంలో పైనున్న ఒక్క ఘట్టానికే వాడుకోండి. మిషన్ భయమైతే టేబుల్ కింద సాధన సాయంత్రం మూడుసార్లు. ఫలితం భయమైతే రిపోర్టు ఒప్పందం. ఆ సెషనూ దొరక్కపోతే 14416.

ఇది చాలని పరిస్థితులు

రోజుల తరబడి తిండీ నిద్రా లేకపోయినా, బతకాలని లేదన్న ఆలోచన వస్తున్నా స్కాన్ తేదీ దాకా ఆగొద్దు. ఇంట్లో చెప్పండి, 14416కు చేయండి, సైకియాట్రిస్టును కలవండి. ఛాతీలో నొప్పి, చెయ్యి లాగడం, ఊపిరాడకపోవడం కొత్తగా వస్తే ఆందోళనేలే అని మీకు మీరే తీర్మానించుకోకండి. 108కి చేయండి. నాలుగైదు సెషన్లయినా మార్కుల్లో మార్పు లేకపోతే థెరపిస్టుతో అదే మాట అనండి. పద్ధతి మార్చాలో, మనిషిని మార్చుకోవాలో, మందు తోడు కావాలో అప్పుడు తేలుతుంది.

ఇంటికి వచ్చాక

స్కాన్ అయిన రాత్రి, రిపోర్టు రాకముందే, ఒక కాగితం మీద రెండు అంకెలు వేయండి. ఎంత భయపడతానని అనుకున్నాను, నిజంగా ఎంత భయపడ్డాను. నాకు మొన్నటి ఎమ్మారైకి 80, 45. ఎక్కడ చిక్కుపడ్డానో, టెక్నీషియన్ ఏ మాట సాయపడిందో, ఎన్ని మోతలు వచ్చాయో కూడా రాశాను. ఆ కాగితాన్ని స్కాన్ ఫిల్ముల కవరులోనే పెట్టాను. వచ్చే ఏడాది పాత ఫిల్ములు తీసుకురమ్మన్నప్పుడు ముందుగా చేతికి తగలాలని.